గుణం ముందా, వాక్యం ముందా? కథలో పాత్రను ఆధారంతో చదవడం పిల్లలకు నేర్పే పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి

"నక్క ఎలాంటిది?" అని అడిగాను. కథ ఇంకా మొదలే పెట్టలేదు. "జిత్తులమారి!" అని పదకొండు మందీ ఒక్క గొంతుతో అన్నారు.

చెన్నై పెరంబూర్‌లో, మా మేడ మీద ఆదివారం ఉదయం జరిగే తెలుగు తరగతి అది. రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలు వస్తారు. ఆ రోజు చదవబోతున్నది వాళ్ళ కోసం నేనే రాసుకున్న చిన్న కథ. అందులో నక్క, గోతిలో పడ్డ మేకపిల్లకు తోడుగా తెల్లవార్లూ గట్టు మీద కూర్చుంటుంది. కథంతా చదివాక కాగితాలిచ్చి "నక్క గురించి రాయండి" అంటే నలుగురు మళ్ళీ "నక్క జిత్తులమారి" అనే రాశారు.

వాళ్ళు వినలేదని కాదు. తెల్లవారాక గొర్రెల కాపరి ఏమన్నాడో కూడా చెప్పగలిగారు. కానీ నక్క ఎలాంటిదో కథను అడగాలని వాళ్ళకు తోచలేదు. నక్క గురించి వాళ్ళకు ముందే ఒక మాట తెలుసు, ఆ మాటే రాశారు. పాత్ర స్వభావాన్ని కథలోని మాటల ఆధారంతో చెప్పడం నేర్పాలనుకునే ఎవరికైనా ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

దీన్ని నేర్పడానికి ముఖ్యంగా నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. తల్లిదండ్రులు, వేరే పేటల్లో ఇలాంటి తరగతులు నడిపే స్నేహితులు వీటిలో ఏది మంచిదని తరచూ అడుగుతుంటారు. నాలుగింటినీ ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ముందు వాక్యం, తర్వాత గుణం. ఈ వరసను కాపాడే పద్ధతి ఏదైనా పనికొస్తుంది. దీన్ని తలకిందులు చేసే పద్ధతి ఎంత ముచ్చటగా ఉన్నా, చిన్న పిల్లల దగ్గర మొదటి రోజే దాన్ని తీయవద్దు.

తెలుగు వాక్యం ఎటు నడుస్తుంది?

ఇంటర్నెట్‌లో ఈ పాఠానికి దొరికే వర్క్‌షీట్లలో చాలావరకు అమెరికా బడుల కోసం తయారైనవి. అక్కడ 2010లో వెలువడి, చాలా రాష్ట్రాలు చేపట్టిన ఉమ్మడి ప్రమాణాల్లో మూడో తరగతి పిల్లలు పాత్రల గుణాలు, ఉద్దేశాలు, భావాలు వర్ణించాలని ఉంది. జవాబుకు ఆధారాన్ని పాఠంలోంచే చూపించాలని కూడా ఉంది. లక్ష్యం చక్కనిది, మనకూ కావలసిందే. అయితే ఆ కాగితాల మీద వాక్యం ఇంగ్లీషు నడకలో ఉంటుంది. ముందు "ఈమె దయగలది", తర్వాత "ఎందుకంటే", ఆ తర్వాత ఆధారం.

తెలుగులో మనం రోజూ మాట్లాడేటప్పుడు కారణమే ముందు వస్తుంది. "వాన పడుతోంది కాబట్టి గొడుగు తీసుకెళ్ళు" అంటాం. "ఎందుకంటే" కూడా మనకు ఉంది, తప్పు కాదు. కానీ చెప్పదలచుకున్నది ముందు చెప్పేసి, కారణం కోసం తర్వాత తడుముకునే అలవాటుకు అది దారి ఇస్తుంది. "కాబట్టి" అలా ఒప్పుకోదు. ఆ మాట పలకాలంటే ముందు ఏదో ఒక కారణం చెప్పి ఉండాల్సిందే. అందుకే మా తరగతిలో "ఎందుకంటే"తో రాసే చట్రం తీసేసి "కథలో ఇలా ఉంది, కాబట్టి ఇలాంటిది అనుకుంటున్నాను" అనే చట్రం పెట్టాను. గుణం పేరు తలకు తట్టినా, దాన్ని రాయడానికి ముందు కథలోకి వెళ్ళి రాక తప్పని పరిస్థితి పిల్లలకు దీనివల్ల ఏర్పడింది.

నాలుగు పద్ధతులకూ ఒకే కథ

పోల్చి చూడాలంటే అన్నింటికీ ఒకే కథ ఉండాలి. ఇది నేను రాసినదే, ఎవరైనా వాడుకోవచ్చు.

"బడి గంట కొట్టారు. వాన జోరుగా పడుతోంది. సరళ గొడుగు విప్పి గేటు దాటింది. గోడవారగా ఒక చిన్న పిల్లవాడు పుస్తకాల సంచిని తల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సరళ నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. 'మీ ఇల్లు ఎటు?' అని అడిగింది. 'మార్కెట్టు వైపు' అన్నాడు వాడు. సరళ వాళ్ళ ఇల్లు రైల్వే గేటు వైపు. 'సరే, రా' అంది. ఆమె ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. 'ఎందుకింత ఆలస్యం?' అంది. 'వాన' అంది సరళ."

ఇందులో ఒక్క గుణం పేరు కూడా లేదు. కావాలనే అలా రాశాను. "దయగల సరళ" అని రచయితే చెప్పేస్తే పిల్లలు వెతకడానికి ఏమీ మిగలదు. మీరు ఏ కథ ఎంచుకున్నా ముందు ఇది చూసుకోండి.

మొదటిది గుణాల జాబితా. ధైర్యం, దయ, ఓర్పు, నిజాయతీ, పట్టుదల, అణకువ, మొండితనం, తొందరపాటు, అసూయ, పిసినారితనం అని పదిహేను ఇరవై మాటలు ఇచ్చి, పాత్రకు సరిపోయేవి ఎంచుకోమంటారు. తయారు చేయడం సులువు, దిద్దడం ఇంకా సులువు. నలభై మంది ఉన్న తరగతిలో ఉపాధ్యాయులు దీన్నే ఎందుకు ఎంచుకుంటారో నాకు అర్థమవుతుంది. కానీ సరళ కథ చదివి ఈ జాబితా ఇస్తే, నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు మంచి మాటలన్నింటికీ టిక్కు పెట్టాడు. ధైర్యం ఎక్కడ కనిపించిందని అడిగితే "మంచి అమ్మాయి కదా" అన్నాడు. జాబితా చేతికి రాగానే వాడి కళ్ళు కథ మీద నుంచి జాబితా మీదికి వెళ్ళిపోయాయి. మాటలు నేర్పడానికి జాబితా మంచిదే, ఆధారం వెతకడం మాత్రం దానితో రాదు.

రెండోది రెండు గళ్ళ కాగితం. నిలువుగా గీత గీసి ఒక పక్క గుణం, మరో పక్క ఆధారం రాయిస్తారు. సాధారణంగా గుణం ఎడమ పక్కన ఉంటుంది. నేను దాన్ని కుడి పక్కకు మార్చాను. ఎడమ పక్కన కథలోని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా రాయాలి, కుడి పక్కన దాన్ని బట్టి తెలిసే గుణం. ఇంత చిన్న మార్పు ఏం చేస్తుందో ఆ ఆదివారం కళ్ళారా చూశాను.

మూడో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది, తరగతిలో నోరు విప్పడం అరుదు. ఆమె ఎడమ గడిలో "ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది" అని గుండ్రని అక్షరాలతో రాసి, కుడి గడి ఖాళీగా వదిలేసింది. మిగతావాళ్ళందరూ "సరే, రా" అన్న మాటను పట్టుకున్నారు. నేను పక్కన కూర్చుని "ఇది ఎందుకు రాశావమ్మా?" అని అడిగాను. కాసేపు పెన్సిలు తిప్పుతూ కూర్చుని, "గొడుగు వాడి వైపు వంచింది కదా టీచర్, అందుకే ఈమె తడిసింది. దాన్ని ఏమంటారో నాకు తెలియదు" అంది. గొడుగు వంచినట్టు కథలో ఎక్కడా లేదు. ఉన్నది తడిసిన భుజం ఒక్కటే. దాన్నుంచి గొడుగు దాకా, గొడుగు నుంచి సరళ మనసు దాకా ఆ పిల్ల తనంతట తానే నడిచింది. ఆమెకు కావలసింది చివరి మాట ఒక్కటే. గుణాల జాబితా తీయాల్సిన సమయం సరిగ్గా అదే. జాబితాలో వెతికి మొదట "దయ" అంది. "తనకంటే ఎదుటివాళ్ళను ముందు చూసుకోవడాన్ని ఏమంటారు?" అని తరగతినంతా అడిగాను. ఐదో తరగతి పిల్లవాడు "త్యాగం" అన్నాడు. అంత పెద్ద మాట ఇంత చిన్న పనికి సరిపోతుందా అని పావుగంట చర్చ నడిచింది. ఆ పావుగంటను నేను ఏ వర్క్‌షీటుకూ మార్చుకోను.

మరో పిల్లవాడు "సరళ వాళ్ళ ఇల్లు రైల్వే గేటు వైపు" అన్న వాక్యం రాశాడు. చూడడానికి అది ఉత్త చిరునామా. కానీ దాన్ని తీసేస్తే సరళ చేసిన పనిలో కష్టం లేదు. తన దారిలోనే ఉన్నవాడిని తీసుకెళ్ళడం వేరు, ఎదురు దిశలో నడవడం వేరు. చేసిన పనితో పాటు, ఆ పనికి పాత్ర ఏమి వదులుకుందో చెప్పే వాక్యం గట్టి ఆధారమని పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం నాకు దొరకలేదు.

మూడోది ఐదు ప్రశ్నల పద్ధతి. పాత్ర ఏమి మాట్లాడింది, ఏమి అనుకుంది, ఎదుటివాళ్ళు ఆమెతో ఎలా మెలిగారు, ఏమి చేసింది, ఎలా కనిపించింది. ఈ ఐదింటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే "స్టీల్" (STEAL) అని వస్తుంది, బడుల్లో ఆ పేరుతోనే చెప్తారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది, ఎక్కడెక్కడ వెతకాలో చూపిస్తుంది. రెండు జాగ్రత్తలు కావాలి. సరళ కథలో ఆమె ఏమనుకుందో ఎక్కడా లేదు. ఐదు గళ్ళూ నింపాలన్న ఆరాటంలో పిల్లలు "అయ్యో పాపం అనుకుంది" అని కల్పించి రాస్తారు. కథలో లేకపోతే గడి ఖాళీగా ఉంచడమే సరైన జవాబని ముందే చెప్పండి.

రెండో జాగ్రత్త రూపం గురించి, దీనిలో నేను మెత్తబడను. నల్లగా ఉన్నాడు, బొద్దుగా ఉంది, చిరిగిన చొక్కా వేసుకున్నాడు అనే వాక్యాలను గుణానికి ఆధారంగా పిల్లలతో రాయించకండి. పాత కథల్లో దుర్మార్గుడి ఒంటి రంగూ పళ్ళ వంకరా వర్ణించే అలవాటు ఉంది. వాటిని ఆధారాలుగా లెక్కపెట్టడం నేర్పితే, పిల్లలు ఆ లెక్కను పక్క బెంచీ మీద కూర్చున్నవాడి మీద వేస్తారు. నేను ఆ ఐదో ప్రశ్నను "తన వస్తువులను, బట్టలను ఎలా చూసుకుంటుంది?" అని మార్చుకున్నాను. చూసుకోవడం పాత్ర ఎంచుకునే పని. పుట్టుకతో వచ్చినది అలాంటిది కాదు.

నాలుగోది ముఖాముఖి. ఒక పిల్లవాడు కుర్చీలో కూర్చుని పాత్ర అవుతాడు, మిగతావాళ్ళు ప్రశ్నలు వేస్తారు. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు చెన్నైలో చాలామంది ఉంటారు. వాళ్ళకు ఇది వరం లాంటిది. నియమం ఒక్కటే. ప్రతి జవాబు తర్వాత ఎవరైనా "ఏ వాక్యం?" అని అడగవచ్చు, కుర్చీలో ఉన్నవారు చూపించాలి. చదవలేని పిల్లవాడైతే ఆ వాక్యాన్ని గుర్తుచేసుకుని చెప్తే చాలు.

మా దగ్గర సరళ పాత్రధారిని మొదట అడిగిన ప్రశ్న "అమ్మకు జరిగింది ఎందుకు చెప్పలేదు?" అని. "గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు" అంది కుర్చీలోని అమ్మాయి. "కాదు, అమ్మ తిడుతుందని భయపడ్డావు" అన్నాడు ఎదురుగా ఉన్నవాడు. "ఏ వాక్యం?" అంటే "అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది" చదివాడు. ఎదురుచూస్తూ నిలబడిందంటే కంగారో కోపమో ఉంటుందని వాడి వాదన. "వాన" అన్న ఒక్క మాటతో సరిపెట్టింది కాబట్టి అణకువ అని ఆమె వాదన. రెండూ నిలుస్తాయి, రెండూ ఒప్పుకున్నాను. "వాళ్ళ అమ్మ రోజూ కొడుతుంది" అని మూడోవాడు అన్నప్పుడు మాత్రం తరగతే వాడిని ఆపింది. ఒకే కథ మీద రెండు వేర్వేరు అభిప్రాయాలు ఉండవచ్చు, కథలో లేనిది మాత్రం చెల్లదు అన్న తేడా నేను ఉపన్యాసమిచ్చి చెప్పినా అంత బాగా తలకెక్కేది కాదు.

దీనిలో లోటు కూడా చెప్పాలి. గలగలా మాట్లాడే పిల్లలే ముందుంటారు. తడిసిన భుజాన్ని పట్టుకున్న అమ్మాయి ముఖాముఖిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందుకే దీన్ని ఒంటరిగా వాడను.

భావమా, గుణమా?

ఏ పద్ధతి ఎంచుకున్నా పిల్లలు తడబడేది ఇక్కడే. "సరళ ఎలాంటిది?" అంటే "బాధపడింది" అంటారు. దీన్ని విడదీయడానికి తెలుగులో మంచి ఉపాయం ఉంది. భావాలు మనకు వస్తాయి, వేస్తాయి, కలుగుతాయి. కోపం వచ్చింది, భయం వేసింది, జాలి కలిగింది. వచ్చినది పోతుంది కూడా. గుణం అలా వచ్చి పోదు, మనిషితోనే ఉంటుంది. కోపిష్ఠి, పిరికివాడు, జాలిగుండె కలది. మొండితనం, పిరికితనం, గడుసుతనం వంటి మాటల చివర "తనం" ఉండడం కూడా ఒక గుర్తు. "ఇది వచ్చిందా, ఉందా?" అని అడిగితే రెండో తరగతి పిల్లలు కూడా సగానికి పైగా సరిగ్గా చెప్పేశారు. ధైర్యం లాంటి మాటలు రెండు పక్కలా పడతాయి. "అప్పటికి ధైర్యం వచ్చింది" అనవచ్చు, "ధైర్యం ఉన్న మనిషి" అనీ అనవచ్చు. అలాంటివి వచ్చినప్పుడు కథలో రెండు చోట్ల కనిపించిందా అని చూడమంటాను. ఒక్కసారి కనిపించినదాన్ని గుణం అనడానికి తొందరపడవద్దు.

ఏ కథ తీసుకోవాలి, ఏ భాషలో?

తెలిసిన కథా, తెలియని కథా అన్నది మరో ఎంపిక. కోతి, మొసలి కథ తీసుకుంటే చదవడం బరువు తగ్గుతుంది, కానీ పిల్లలు కాగితం చూడకుండా జ్ఞాపకంలోంచి జవాబిస్తారు. తెనాలి రామకృష్ణుడి పేరు వినగానే "తెలివైనవాడు" అని రాసేస్తారు. చదవడం బాగా వచ్చిన పిల్లలకు తెలియని కథే ఇవ్వండి. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు తెలిసిన కథతో మొదలుపెట్టి, అందులో ఒక చిన్న పాత్ర గురించి అడగండి. కోతి గురించి కాకుండా మొసలి భార్య గురించి అడగండి. ఆమె గురించి ఎవరికీ సిద్ధంగా మాట ఉండదు, కథలోకి వెళ్ళక తప్పదు.

బేతాళ కథలు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. చివర బేతాళుడు ఎవరు గొప్ప, ఎవరిది తప్పు అని అడుగుతాడు, రాజు కారణం చెప్పి మరీ తేలుస్తాడు. రాజు జవాబు దగ్గర ఆపేసి పిల్లల చేత చెప్పించండి. 1947 జులైలో ఈ ఊళ్ళోనే తెలుగు, తమిళ భాషల్లో మొదలైన చందమామ పాత సంచికలు ఇంట్లో ఉంటే ఆ కథలు వాటిలో దొరుకుతాయి. లేకపోతే ఎగ్మూర్‌లోని కన్నిమెరా గ్రంథాలయానికి వెళ్ళండి. 1896లో తెరిచిన ఆ గ్రంథాలయానికి దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరతాయి, తెలుగువి కూడా. కొట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతాబ్ది గ్రంథాలయంలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది.

భాష విషయంలో ఇక్కడి పిల్లల పరిస్థితి ప్రత్యేకం. తమిళనాడులో 2006 చట్టం నుంచి బడిలో తమిళం తప్పనిసరి పాఠం అయింది, మిగతా చదువు చాలామందికి ఇంగ్లీషులో, ఇంట్లో తెలుగు. గుణం పేరు ఏ భాషలో తడితే ఆ భాషలో చెప్పనివ్వాలా, తెలుగులోనే చెప్పమనాలా? చెప్పనివ్వండి. ఆధారం మాత్రం తెలుగు వాక్యమే చూపించాలి. ఒకసారి ఒక పిల్లవాడు ఒక పాత్రను "పొరామై" అన్నాడు, తమిళంలో అసూయ. నేను పలక మీద "ఓర్వలేనితనం" అని రాశాను. తమిళ మాటకు కూడా మూలంలో ఓర్చుకోలేకపోవడమనే అర్థమని చెప్పగానే వాడి ముఖం వెలిగిపోయింది. రెండు భాషలూ ఒకే చోటి నుంచి చూశాయి. ఆ మాటను వాడు ఇక మరచిపోడు.

మీకు ఏది?

చదవడం ఇంకా కుదురుకోని రెండో తరగతి పిల్లలైతే కథ మీరు చదివి, ముఖాముఖి పెట్టండి. రాత వద్దు. మూడో తరగతి నుంచి రెండు గళ్ళ కాగితం, వాక్యం ఎడమ పక్కనే ఉండాలి. గుణాల జాబితాను దాని వెనకాల, బల్ల మీద బోర్లించి ఉంచండి, ఎడమ గడి నిండాకే తిప్పాలి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు నాలుగైదు కథలు అలా చేశాక ఐదు ప్రశ్నల పద్ధతి ఇవ్వవచ్చు. పెద్ద తరగతి అయితే నలుగురేసి జట్లుగా చేసి, జట్టుకు ఒక్క కాగితం ఇవ్వండి. నలభై దిద్దాల్సిన చోట పది దిద్దితే చాలు.

దిద్దేటప్పుడు గుణం పేరు కంటే వాక్యానికి ఎక్కువ మార్కులు వేయండి. సరైన వాక్యం పట్టుకుని పేరు తప్పు చెప్పిన పిల్లవాడికి, పేరు సరిగ్గా చెప్పి ఆధారం లేనివాడికంటే ఎక్కువ రావాలి.

తరగతి ఏదీ లేదు, రాత్రి భోజనాలయ్యాక పావుగంట మాత్రమే దొరుకుతుందంటారా? పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదవండి, పాత్ర ఎలాంటిదో అడగండి. ఏ జవాబు వచ్చినా అవునని గానీ కాదని గానీ అనకుండా "ఎక్కడ ఉంది, చూపించు" అనండి. పుస్తకం వాడి వైపు జరిపి, వేలు ఒక వాక్యం మీద ఆగేదాకా మీరు మాట్లాడకండి. నిమిషం పట్టవచ్చు, రెండు నిమిషాలు కూడా పట్టవచ్చు. ఆగిన వేలు మీరు అనుకున్న వాక్యం మీద లేకపోతే, అక్కడ వాడికి ఏమి కనిపించిందో అడగండి.